తీన్‌మార్ దెబ్బ ఎవరిది? కరీంనగర్ నుంచి మర్లవాయి దాకా

పాతబస్తీలో అడిగితే అరబ్బులది అంటారు. హైదరాబాద్ ఏ.సి. గార్డ్స్‌లో అడిగితే ఆఫ్రికా నుంచి వచ్చిన మా తాతలది అంటారు. సినిమావాళ్ళని కదిపితే "మాస్ బీటండీ, అందరిదీ!" అనేస్తారు. ఇక కరీంనగర్‌లో డప్పు కొట్టేవాళ్ళని అడిగితే మిమ్మల్ని ఎగాదిగా ఓసారి చూసి, "ఇది గూడ అడుగుతరా సార్?" అంటారు.

ఒక్క దెబ్బకి ఇంతమంది తండ్రులా అని నవ్వుకుని ఊరుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ దీపావళి వారంలో కరీంనగర్‌లో బస్సెక్కి, గోదావరి దాటి, ఆదిలాబాద్ అడవుల్లోకి పోయి వచ్చాక తెలిసింది, ఇది నవ్వుకునే సంగతి కాదని. మనం హాల్లో ఈలలేసి ఎగిరే పాటల వెనక పెద్ద బాకీల చిట్టా ఒకటి ఉంది. ఆ చిట్టా సంగతే ఇది.

హాలు ముందర

కొత్త సినిమా విడుదల రోజు. కటౌటుకి పూలదండ వేస్తున్నారు. కుర్రకారు కేకలు. హాలు గేటు పక్కన మాత్రం ఆరుగురు మనుషులు నింపాదిగా కూర్చుని కాగితాలూ, గడ్డీ పోగేసి మంట పెట్టుకున్నారు. డప్పులు కాపుకుంటున్నారు. మేకతోలు వేడెక్కితేనే బిగుస్తుంది, బిగిస్తేనే పలుకుతుంది. ఒకాయన డప్పుని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మంట మీద తిప్పాడు. మన సంగీత దర్శకులు స్టూడియోలో పడే తిప్పలన్నీ ఆ నాలుగు గడ్డిపోచల మంట దగ్గర కనిపించాయి.

కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. చిర్ర మోటుగా మోగుతుంది, చిటికెన పుల్ల సన్నగా తగులుతుంది. రెండూ కలిసి నడిస్తేనే నడక కుదురుతుంది. ఆరు డప్పులూ ఒక్కసారి లేచాయి చూడండి... అప్పటిదాకా సెల్‌ఫోనులో తలలు దూర్చిన పిల్లలు కూడా కాళ్ళు కదిపారు. బ్యాంకు ఉద్యోగిలా ఉన్న ఒక పెద్దమనిషి కూడా స్కూటరు స్టాండు వేసి రెండు గంతులు వేశాడు.

ఆట మొదలైంది. జనం లోపలికి పోయారు. ఆరుగురూ బయటే మిగిలారు. అప్పుడు అడిగాను, తీన్‌మార్ ఎవరిదని.

జవాబు చెప్పింది వాళ్ళలో చిన్నవాడు. డిగ్రీ చదివాడు. ఉద్యోగం రాలేదు.

"చావుకాడ కొట్టినన్ని దినాలు మాదే సార్. ఊళ్ళె చాటింపేసినన్ని దినాలు మాదే. ఎవ్వడు రాలే మాది గూడ అని. ఇప్పుడు పెండ్లిళ్ళల్ల, సినిమాలల్ల మోగుతుంటె అందరిదని అంటున్రు. గిది మంచిగున్నదా?"

పేరు రాసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "పేరు వద్దన్నా. పెండ్లిళ్ళ సీజన్‌ల బేరం పోతది."

ఆ కుర్రవాడి మాటలో చరిత్ర ఉంది. తెలంగాణ పల్లెల్లో డప్పు మాదిగల చేతి వాద్యం. చావుకీ, జాతరకీ, చాటింపుకీ కొట్టాల్సిందే. చాలా చోట్ల అది వెట్టి. కూలి అడిగే హక్కు ఉండేది కాదు. 'దండోరా' అన్న మాటే డప్పు చాటింపు నుంచి వచ్చింది. 1994లో మొదలైన మాదిగల రిజర్వేషన్ ఉద్యమం ఆ మాటనే తన పేరు చేసుకుంది. 2025 ఆరంభంలో అదే ఉద్యమం లక్ష డప్పులు, వేయి గొంతులు అంటూ పిలుపిచ్చింది. ఒకప్పుడు తలవంపులనుకున్న వాద్యం తల ఎత్తుకునే జెండా అయింది. అంత బాధపడి నిలబెట్టుకున్నదాన్ని 'అందరిదీ' అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆ కుర్రవాడికి ఒళ్ళు మండదూ?

మరి అరబ్బుల మాటేమిటి?

వాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. నిజాముల కాలంలో హైదరాబాద్ సైన్యంలో అరబ్బులుండేవారు. ఎక్కువమంది యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతంవాళ్ళు. ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలూ ఉండేవారు. సిద్దీల అశ్వదళాన్ని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనేవారు. ఏ.సి. గార్డ్స్ పేట పేరు అలా వచ్చిందే. వీళ్ళు తెచ్చిన వాద్యమేళం మర్ఫా. పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా మోగితే కత్తులూ కర్రలూ తిప్పుతూ చిందులు వేసేవారు. పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మర్ఫా వినిపిస్తుంది.

ఇక 'తీన్‌మార్' అన్న మాట చూడండి. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. అచ్చమైన ఉర్దూ. కరీంనగర్, ఆదిలాబాద్ 1948 దాకా నిజాం రాజ్యంలోవే. కచేరీ భాష ఉర్దూ. ఊరి డప్పుకి ఉర్దూ పేరు అతుక్కోవడంలో వింత లేదు. పేరు మారితే దెబ్బ కూడా మారిందా? మర్ఫా డప్పు నుంచి కొంత తీసుకుందా, డప్పు మర్ఫా నుంచి తీసుకుందా? రెండూ ఒకే వీధుల్లో, ఒకే పెళ్ళిళ్ళలో, ఒకే పీర్ల పండుగల్లో తరతరాలు మోగాయి. ఒకదాని చెవిలో ఇంకొకటి పడకుండా ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నతో వేములవాడ బస్సెక్కాను. దారిలో మా బస్సుని ఆపేసింది ఒక డీజే బండి. లారీ మీద బీరువాలంత స్పీకరు పెట్టెలు. ఏదో నాయకుడి ఊరేగింపు. అందులో మోగుతున్నది ఏమనుకున్నారు? డప్పు! మనిషి లేని డప్పు. ఎవరో ఎప్పుడో స్టూడియోలో కొట్టిన దెబ్బ కంప్యూటర్లో ఉంది. మీట నొక్కితే చాలు. హాలు ముందర కలిసిన కుర్రవాడు అన్న ఇంకో మాట అప్పుడు అర్థమైంది. "నా దెబ్బనే నాకు పోటీ అయింది సార్."

బ్రాంక్స్‌లోనూ ఇదే పేచీ

డీజే అన్న మాట ఎత్తాక న్యూయార్క్ దాకా పోక తప్పదు. 1973 ఆగస్టు 11. బ్రాంక్స్ అనే పేదల పేటలో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే పెద్ద అద్దె భవనం. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. టిక్కెట్టు ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు. రికార్డులు తిప్పింది ఆమె అన్న క్లైవ్. లోకానికి డీజే కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములొక్కటే మోగే ముక్క వచ్చినప్పుడు పిల్లలు ఎక్కువ ఎగురుతున్నారని గమనించి, రెండు గ్రామఫోన్ల మీద ఆ ముక్కనే తిరగేసి తిరగేసి సాగదీసే పద్ధతి పట్టాడు. హిప్‌హాప్ పుట్టుక అదే అని చెప్పుకుంటారు. ఆ ముక్కకి ఎగిరినవాళ్ళే బ్రేక్ డాన్సర్లు.

పుట్టిందో లేదో, పేచీ మొదలు! అది అమెరికా నల్లవాళ్ళ సొత్తు, అక్కడ తిరిగినవి జేమ్స్ బ్రౌన్ రికార్డులే కదా అని ఒక పక్షం. హెర్క్ పుట్టింది జమైకాలో, 1967లో న్యూయార్క్ వచ్చాడు, వీధుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు మోగించడం జమైకావాళ్ళ అలవాటు అని ఇంకో పక్షం. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పుట్టింది బార్బడోస్‌లో. బ్రేక్ డాన్స్‌ని బతికించిన రాక్ స్టెడీ బృందంలో క్రేజీ లెగ్స్ పోర్టోరికో కుటుంబంవాడు. మమ్మల్నెందుకు వదిలేస్తారని ఆ పక్షం. అసలు అంతకుముందే పశ్చిమాఫ్రికాలో రాజుల వంశాలు పాడే గాయకులుండేవారు, వేరు అక్కడుంది అని మరో పక్షం. 2023లో హిప్‌హాప్ స్వర్ణోత్సవాలు జరిగాయి. ఈ పేచీ మాత్రం తెగలేదు.

ఈ రక్తసంబంధాల లెక్కల కంటే నన్ను పట్టుకున్నది మరో చిన్న సంగతి. ర్యాప్‌ని ఊరూరా మోగించిన తొలి పెద్ద రికార్డు 1979 నాటి 'ర్యాపర్స్ డిలైట్'. అందులో ఒక గాయకుడు పాడిన చరణాలు చాలావరకు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే బ్రాంక్స్ కుర్రవాడివి. రికార్డు లక్షల్లో అమ్ముడైంది. క్యాజ్ పేరు మాత్రం దాని మీద పడలేదు. ఎవరి సంస్కృతి అని వాదించుకునే పక్షాలన్నీ ఒకవైపు, ఆ కుర్రవాడి పేరు లేని రికార్డు ఒకవైపు!

ఆ బ్రేక్ డాన్స్ 1983లో 'ఫ్లాష్‌డాన్స్' సినిమాలో మెరిసి, దేశాలు తిరిగి, 1987లో 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి కాళ్ళ మీదుగా మన కరీంనగర్, మంచిర్యాల నేల టిక్కెట్ల దాకా వచ్చింది. బ్రాంక్స్ పిల్లల పేర్లు మనకెవరికీ తెలియలేదు. మనమూ అడగలేదు.

ఒకే ఊరు, రెండు గొంతులు

వేములవాడ దగ్గర హనుమాజీపేట. సినీ అభిమానులు చూసి తీరాల్సిన ఊరు. సి. నారాయణరెడ్డి గారు 1931లో పుట్టింది ఇక్కడే. 1962లో 'గులేబకావళి కథ'తో చిత్రసీమలో అడుగుపెట్టి, 1988లో జ్ఞానపీఠం అందుకున్న మహాకవి. చిన్నతనంలో విన్న జానపదాలూ, హరికథలూ, జంగం కథలూ ఆయన చెవిని తయారుచేశాయి.

ఇదే ఊరు ఒగ్గు కథకుడు మిద్దె రాములునీ ఇచ్చింది. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ... డోలు, తాళాల నడుమ ఒక్క మనిషే రాజూ, రాణీ, గొర్రెల కాపరీ, దేవుడూ అయి రాత్రంతా ఊరిని కూర్చోబెడతాడు. నాయకుడు, నాయిక, హాస్యగాడు, నేపథ్య గాయకుడు అన్నీ తనే. మన హీరోలకి ద్విపాత్రాభినయమే గొప్ప!

రచ్చబండ మీద కూర్చున్న ఒక తాతని అడిగాను, ఒగ్గు ఎవరిదని.

"కురుమలది, గొల్లలది. వాళ్ళ దేవుని కథనాయె" అన్నాడు. కాసేపాగి, "విన్నది ఊరంత. సాకిన్రు గూడ ఊరంత. అయినా కథ మాత్రం వాళ్ళదే బిడ్డా. నా ఇంట్ల నువ్వు తిన్నవనుకో, ఇల్లు నీదైతదా?" అని నవ్వాడు.

పండితులు గంటసేపు చెప్పేది తాత మూడు ముక్కల్లో చెప్పేశాడు. విన్న హక్కు వేరు, సొంత హక్కు వేరు. సినారె గారి పేరు తెర మీద పడింది. పడాల్సిందే. ఆయన చెవిని తయారుచేసిన పాత కథకుల పేర్లు ఏ తెర మీదా పడలేదు. ఎవరూ దాచింది లేదు. ఆ పేర్లు రాసిపెట్టుకునే అలవాటు మనకి లేదంతే.

గోదావరి దాటాక

జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో దాన్ని నాలుగు జిల్లాలు చేశారు. వంతెన దిగి లక్సెట్టిపేట, దండేపల్లి. దగ్గర్లోనే గోదావరి ఒడ్డున గుడిరేవు. అక్కడ పద్మల్‌పురి కాకో గుడి. దీపావళికి ముందు గోండులు దండారి మొదలుపెట్టేది ఆ తల్లికి మొక్కే. నేను పోయేసరికి ఒడ్డంతా నెమలి ఈకలే!

గుస్సాడి వేషం చూడాలి మీరు. నెత్తిన వందల నెమలి ఈకలతో కిరీటం, దానికి కొమ్ములు. ఒళ్ళంతా విభూది. భుజాన మేకతోలు. మెడలో పూసల దండలు, నడుముకి గజ్జెలు, చేతిలో కర్ర. ఏ కళా దర్శకుడూ ఊహించలేని దుస్తులు. అడుగు వేస్తే నేల దద్దరిల్లుతుంది. ఈ గుస్సాడిని ఊరూరా పిల్లలకి నేర్పిన కనక రాజు గారిది జైనూర్ మండలం మర్లవాయి. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు.

జన్నారం దాటితే టేకు అడవి. ఉట్నూరు దాకా బస్సులో పక్క సీట్లో గోండు కుర్రాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఏం వింటున్నావు తమ్మీ అంటే గోండీ డీజే పాట అన్నాడు. దండారి పాటకే డీజే కట్టారట. అడవి లోపలికీ బ్రాంక్స్ వచ్చేసిందన్నమాట!

మర్లవాయిలో 1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దొర భార్య బెట్టీతో కాపురం పెట్టి, గోండుల జీవితం మీద 1948లో పెద్ద పుస్తకం తెచ్చాడు. ఇద్దరికీ అక్కడ స్మారకం ఉంది. దాన్ని చూసుకుని, దండారి ఆట దగ్గరికి పోయాను. అందరి కళ్ళూ గుస్సాడిల మీదే. నా కళ్ళు వాయిద్యాలవైపు పోయాయి. డోలు కొడుతున్నది ఎవరు? పెప్రె ఊదుతున్నది ఎవరు?

గోండులు కారు, పర్ధాన్లు! గోండుల దేవతల కథలూ, వంశాల కథలూ పాడేది ఈ పర్ధాన్లే. మూడు తీగల కింగ్రీ మీద కమాను తిప్పుతూ రాత్రుళ్ళు పాడతారు. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి ఫలానా గోండు వంశం అని కట్టుబాటు ఉంది. తోటీలదీ ఇలాంటి విద్యే. ఇంకో చిత్రం వినండి. ఈ ప్రాంతపు పర్ధాన్ల ఇంటిభాష మరాఠీ. గోండుల పురాణమంతా ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవాళ్ళ నోట్లో భద్రంగా ఉంది!

ఆట ఆగినప్పుడు ఒక పర్ధాన్ పెద్దాయన దగ్గరికి పోయి "రాం రాం" అన్నాను. మీరు పాడే కథ మీదా, గోండులదా అని అడిగాను.

ఆయనకి ప్రశ్నే వింతగా తోచింది. "కథ వాళ్ళది. నోరు మాది" అన్నాడు. "మేం పాడకుంటె వాళ్ళ దేవుడు లేవడు. వాళ్ళు పెట్టకుంటె మా పొయ్యి లేవదు. పెండ్లికి ఇంత, చావుకి ఇంత అని మా తాతలప్పటి నుంచి ఉన్నది. ఇయ్యకుంటె మేం అడుగుతం. అడగడం భిక్షం కాదు సార్, హక్కు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ బంధంలో ఎక్కువ తక్కువలు లేవని కాదు. గోండులు తమని ఒక మెట్టు పైన పెట్టుకున్నారు. ఈమధ్య చదువుకున్న పర్ధాన్ పిల్లలు దాన్ని ఒప్పుకోవడం లేదు కూడా. కానీ ఒకటి చూడండి. పాట ఎవరిదో, పాడేదెవరో, పాడినందుకు ఎవరు ఎవరికి బాకీయో అందరికీ తెలుసు. కేస్లాపూర్ నాగోబా జాతరలోనూ ఇదే పద్ధతి. మెస్రం వంశంవాళ్ళు గోదావరి నీళ్ళు తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు. జాతరకి కుండలు చేసి ఇచ్చేది మాత్రం సిరికొండ కుమ్మరులు. దేవుడు ఒకరివాడు, కుండ ఇంకొకరిది. ఎవరి వంతు వారిది.

చిట్టా తిరగేస్తే

ఈ పద్ధతి మన చిత్రసీమకి తెలియదా? తెలిసినవాళ్ళున్నారు. 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' మీరంతా చూసే ఉంటారు. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల బిడ్డ. ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ చూశారు ఆ సినిమాని. చివర్లో ఊరిని ఏడిపించిన పాట బుడగ జంగాల విద్య. చావు ఇంట పాడేది. దాన్ని పేరున్న గాయకుడితో పాడించి 'జానపదం' అని రాసేసి ఉండొచ్చు. అలా చెయ్యలేదు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులనే తెర మీద నిలబెట్టారు. పాట వాళ్ళది, గొంతు వాళ్ళది, మొహం వాళ్ళది, పేరు వాళ్ళది. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయినప్పుడు పత్రికలన్నీ పేరుతో రాశాయి. ఎవరో జంగమాయన అని రాయలేదు.

అదే మార్చిలో ఇంకోటి జరిగింది. 'నాటు నాటు' ఆస్కారు వేదికెక్కింది. మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. ముందు నిలబడి ఆడినవాళ్ళిద్దరూ మనవాళ్ళు కారు. మన పాటకి మన కాళ్ళు దొరకలేదా అని ఇక్కడా, అమెరికాలోని తెలుగువాళ్ళలోనూ ఎందరో కోపగించుకున్నారు. ఆ కోపం న్యాయమే. అయితే కరీంనగర్ హాలు ముందరి కుర్రవాడి కోపం కూడా అచ్చంగా అదే కదా! కొలత ఒకటే ఉండాలి. ఆస్కారు దగ్గర ఒకటి, మన ఊరేగింపు దగ్గర ఇంకోటి పనికిరాదు.

తీన్‌మార్ ఏ రక్తంలో పుట్టిందో పండితులు తేల్చేదాకా తేల్చనివ్వండి. యెమెన్ అనండి, ఆఫ్రికా అనండి, మన మాదిగ వాడ అనండి. నాలుగు దారుల నీళ్ళూ అందులో కలిసే ఉంటాయి. కానీ నీళ్ళు కలిశాయన్న సాకుతో చెరువు తవ్వినవాడి కూలి ఎగ్గొట్టడం కుదరదు. ఈ దెబ్బని ఎవరు అవమానం పడి మోశారో, దాని మీద ఎవరు బతుకుతున్నారో, ఎవరి దెబ్బ కంప్యూటర్లోకి ఎక్కి ఎవరి జేబు నింపుతోందో... ఇవి పండితులు అక్కర్లేకుండానే తేలే సంగతులు. నిర్మాతలు టైటిల్స్‌లో ఫైట్ మాస్టరు పేరు వేస్తారు, డ్రోన్ కెమెరా కుర్రవాడి పేరు వేస్తారు. డప్పు కొట్టినవాళ్ళ పేర్లూ, వాళ్ళ ఊరి పేరూ వేస్తే రీలు తరిగిపోదు. ఇప్పుడు రీళ్ళే లేవు!

మీరు చెయ్యగలిగిందీ ఒకటుంది. మీ అన్న పెళ్ళికో అక్క పెళ్ళికో బరాత్ పెట్టినప్పుడు, డీజే బండికి బయానా ఇచ్చేముందు ఆ డప్పు ఎవరు కొట్టారని అడగండి. వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు మీ ఊళ్ళోనే నాలుగు వీధుల అవతల ఉంటారు. బేరం ఆడకుండా పిలవండి.